దొరకలేదని చెప్పిన ఆకు

మా మామ్మ కళ్లు పచ్చబడ్డాయని నేను మొదట గమనించింది ఒక సోమవారం పొద్దున. ఆవిడ అప్పుడు వేరేవాళ్ల కళ్లు చూస్తోంది. పక్క ఊరి నుంచి ఒకామె మూడేళ్ల కూతుర్ని ఎత్తుకొచ్చింది. మామ్మ ఆ పిల్లను అరుగు మీద వెలుతురులో కూర్చోబెట్టి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసింది.

"కామెర్లు కాదే. నెత్తురు తక్కువ. చోడి పిండి అంబలి తాగించు, మునగాకు పెట్టు. ఆ బిస్కట్లు మానీ."

పిల్ల కళ్లు తెల్లగానే ఉన్నాయి. మామ్మ కళ్లే పసుపుగా ఉన్నాయి. లోపలికి వెళ్లి డైరీలో రాశాను: "మామ్మ కళ్లు పసుపు." మంగళవారం, "ఇంకా పసుపు." బుధవారం, "ఒళ్లంతా గోక్కుంటోంది. అన్నం వదిలేసింది."

ఆ మాట ఆవిడతోనూ అమ్మతోనూ అనలేదు. చిన్నప్పటి నుంచీ అంతే. రాస్తే చెప్పేసినట్టే అనిపిస్తుంది.

మా ఊరు హుకుంపేట నుంచి జీపులో ముప్పావుగంట. నాన్న సీలేరులో కాంట్రాక్టు పనికి వెళ్లాడు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో అమ్మ, నాన్నను కన్న మామ్మ, నేను. డిగ్రీ అయిపోయి ఏడాదైంది. కాఫీ పళ్లు కోసే రోజుల్లో తోటకు వెళ్తాను, మిగతా రోజుల్లో అరుగు చివర పుస్తకం పెట్టుకుని కూర్చుంటాను. మామ్మ దగ్గరికి వచ్చేవాళ్ల మాటలన్నీ అలా నా చెవిన పడ్డవే.

ఆవిడ దగ్గరికి దేనికైనా వస్తారు. దగ్గుకి పిప్పలి దంచి తేనెతో నాకించమంటుంది. మా కుక్కకు గజ్జి పట్టి వెంట్రుకలన్నీ రాలిపోతే, కానుగ నూనెలో పసుపు కలిపి రోజూ తనే రాసింది. నాకకుండా దాని మూతికి పాత లంగా గుడ్డ కట్టేది. ఒకసారి ఒక కోడలు వచ్చి, మొగుడు వారం నుంచి మాట్లాడ్డం లేదని ఏడ్చింది.

"నువ్వూ మూడ్రోజులు మాట్లాడకు. నాలుగో రోజు కోడిని కోసి పులుసెట్టు" అంది మామ్మ.

"బాగునేదంటే?"

"అదీ మాటేగదేటి, పిచ్చిదానా."

కానీ దూరం నుంచి వచ్చేవాళ్లు వచ్చేది కామెర్ల మందు కోసమే. మూడు పొద్దులు, పరగడుపున, మేకపాలలో ఒక ఆకు నూరి ఇస్తుంది. ఆ ఆకు ఏదో ఎవరికీ తెలీదు. తెల్లారకముందే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి కోసుకొస్తుంది. దాని పేరు ఒక్కరికే, ఒక్కసారే చెప్పాలి. చెప్పాక ఆవిడ చెయ్యి ఖాళీ అయిపోతుంది, మందు విన్నవాళ్ల చేతికి వెళ్లిపోతుంది. ఇంకో కట్టు కూడా ఉంది. మందిచ్చేవాళ్లు తమ మందు తాము తియ్యకూడదు.

శుక్రవారం మా వీధిలోని ఒకామె ఉల్లిపాయలు బదులు అడగడానికి వచ్చింది. గుమ్మంలో అడుగు పెడుతూనే కేక పెట్టింది.

"ఓలమ్మో, అత్తా! నీ కళ్లేటి అలగున్నాయి? ఈ ఇంట్లో ఎవులికీ కళ్లు నేవా?"

అమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగున వచ్చి మామ్మ మొహం వెలుతురుకి తిప్పింది. నేను పుస్తకం మూశాను. అమ్మ వెంటనే ఆరోగ్య కేంద్రం నర్సుకి ఫోన్ చేసింది. నర్సు మూడు ప్రశ్నలే అడిగింది: దురద ఉందా, మూత్రం ముదురు రంగులో ఉందా, కడుపులో నొప్పా. అన్నీ ఉన్నాయి. ఆగొద్దు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి అంది.

మామ్మ వెళ్లనంది. చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"మీ మావని ఆ ఆసుపత్రి బండి నానే ఎక్కించాను. పేణాలతో దించుకోడం నా వల్ల కాలేదు. నాను ఎక్కను."

"అత్తా, నీకు దండం పెడతాను" అంది అమ్మ.

"దండాలు నీ ప్రభువుకెట్టుకో. గుంటని పిలు."

అమ్మ ఆదివారాలు చర్చికి వెళ్తుంది. ఆ దెప్పిపొడుపు ఇంట్లో పాతదే. గుంటంటే నేనే. దగ్గరికి వెళ్లాను. మామ్మ అమ్మని బయటకు పొమ్మని, నా చెవి పట్టుకుని దగ్గరకు లాక్కుంది. ఆకు పేరు చెప్పింది. ఎక్కడుంటుందో, కాండం ఎలా ఉంటుందో, ఏ చేత్తో తుంచాలో చెప్పింది. ఆవిడ ఊపిరి పులిసిన వాసన వేసింది.

"ఇంక ఇది నీదే, నీ సేత్తో ఇస్తే నాను తాగొచ్చు. రేపు తెల్లారకుండా ఎల్లు. బేగి రా."

ఎన్నేళ్లుగానో ఆ ఆకు పేరు తెలుసుకోవాలనుకున్నాను. తెలిసినప్పుడు ఏమీ అనిపించలేదు.

శనివారం చీకటి పలచబడుతుండగా బయల్దేరాను. కాఫీ తోట దాటి, మిరియాల పాదులు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నుంచి గెడ్డ నీళ్ల దగ్గరికి దిగాను. మామ్మ చెప్పిన రాయి వెనకే ఉంది ఆ మొక్క. ఒకటి కాదు, గుంపుగా ఉన్నాయి. ఆకులు మంచుకు తడిసి ఉన్నాయి. నేను వాటి ముందు రాయి మీద కూర్చున్నాను. మందు వల్ల నయమైనవాళ్లు నాకు తెలుసు. అరుగు మీదకు మళ్లీ రానివాళ్లు నయమయ్యారో, పోయారో మాకెప్పుడూ తెలిసేది కాదు. అది కూడా నాకు తెలుసు. నేను ఆకు తీసుకెళ్తే మూడు రోజులు, మూడు రోజుల తర్వాత ఇంకో మూడు రోజులు. ఇప్పటికే ఐదు రోజులు పోయాయి.

భయం వేయాలి అనుకున్నాను. వేయలేదు. కాళ్లు చల్లబడ్డాక లేచి, చేతులు ఖాళీగా ఇంటికి వచ్చాను.

"దొరకలేదు మామ్మా."

ఆవిడ నా ఖాళీ చేతులు చూసింది.

"నేదా?"

"లేదు."

"సరే. బండి పిలు" అంది.

పాడేరులో చూసి విశాఖపట్నం పంపారు. అక్కడ స్కాను తీసి, పైత్యరసం దిగే దారికి రాయి అడ్డుపడిందన్నారు. నోట్లోంచి గొట్టం వేసి తియ్యాలి. అదే రోజు తీస్తామన్నారు, జ్వరం కూడా మొదలైంది కాబట్టి. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

"కళ్లు పసుపుగా ఎన్నాళ్ల నుంచి?"

"నిన్ననే చూశాం" అంది అమ్మ.

"సోమవారం నుంచి" అన్నాను నేను.

అమ్మ నా వైపు తిరిగింది. "నీకెలా తెలుసు?"

"రాసుకున్నాను."

"రాసుకున్నావా" అంది అమ్మ. అంతే. తర్వాత ఆ వారమంతా నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. నీళ్ల బాటిల్ పట్రా. ఈ చీటీ కింద ఇచ్చిరా. నువ్వు తిన్నావా. తిట్టి ఉంటే బాగుండేదేమో, తెలీదు. వార్డు కిటికీలోంచి ఎదురుగా ఇంకో బిల్డింగు గోడ కనిపించేది. రోజూ దాన్ని చూసేదాన్ని. డైరీ సంచిలోనే ఉంది, తీయలేదు.

మామ్మ బతికింది. తొమ్మిదో రోజు ఇంటికి తెచ్చాం. బండి దిగుతూనే కుక్కకి నూనె రాశారా లేదా అని అడిగింది. ఎవరూ రాయలేదు. మా ఇద్దర్నీ చెడతిట్టింది. దగ్గుకీ, కడుపునొప్పికీ, అత్తాకోడళ్ల గొడవలకీ జనం మళ్లీ అరుగు మీదకు రావడం మొదలుపెట్టారు. కామెర్లంటే మాత్రం ఆవిడ గడ్డంతో నన్ను చూపించేది. "నా చెయ్యి ఖాళీ. దాన్నడుగు."

అలా మొన్న ఒకతను వచ్చాడు. ముప్పయ్యేళ్లుంటాయి. కొండ అవతలి ఊరి నుంచి రెండు గంటలు నడిచొచ్చాడు. కళ్లూ గోళ్లూ పసుపు. నేను తల దించుకునే చెప్పాను, మందు ఇవ్వనని, ఆసుపత్రికి వెళ్లమని.

అతను మామ్మ వైపు తిరిగాడు. "ఏటే మామ్మా, సదువుకున్న గుంటకి సెప్పి మందు పాడుసేసీనావు. అది ఇవ్వనంటంది."

అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గూడెం కొత్తవీధి దారిలో ఇంకొకాయన ఇస్తాడట, అక్కడికి పోతానన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. మామ్మ అల్లం చెక్కు తీస్తూ, తలెత్తకుండా అడిగింది.

"ఆ రోజు ఆడ మొక్క ఉన్నాదా?"

"ఉంది."

"తెల్సు. ఆ రాయి ఎనకాల తడి ఎండాకాలంలోనూ ఆరదు."

"మరెందుకు ఊరుకున్నావు?"

"నువ్వు ఎవులికన్నా ఎదురు సెప్పడం అదే మొదలు. దాన్నీ కాదంటే ఇంకెప్పుడు సెప్తావు?" అల్లం ముక్క నీళ్లలో వేసింది. "నీ అబద్ధానికి నాను బండెక్కాను. మరాడు ఎక్కలేదే. ఇవ్వనన్నావు, పొమ్మన్నావు. ఆడు పోతన్నాడు, ఆసుపత్రికి కాదు. అయిపోయిందేటి నీ పని?"

నేను అతను వెళ్లిన దారి వైపు చూశాను.

"కూకున్నావేటి? లెగు."

చెప్పులు వేసుకుని దిగాను. అతను అప్పటికే మలుపు దగ్గర ఉన్నాడు, నెమ్మదిగా, మధ్యమధ్య నిలబడి ఊపిరి తీసుకుంటూ నడుస్తున్నాడు. ఏం చెప్పాలో అనుకోలేదు. బండికి ఫోన్ చేసి, అతనితో పాటు ఎక్కాలేమో అనుకున్నాను. నా గొంతు అంత దూరం వెళ్తుందో లేదో నాకు తెలీదు.

"అన్నా, ఆగండి" అన్నాను.

వినపడలేదు. ఇంకోసారి, గట్టిగా అరిచాను. అతను వెనక్కి తిరిగాడు.