గేటు బోర్డు మీద హ్యాంగ్‌డాగ్

వెంకటరావుగారు బ్యాంకులో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు గండిపేటలో కొడుకు కొన్న విల్లాలో ఉంటూ, కాలనీ సంఘానికి అధ్యక్షులుగా వెలుగుతున్నారు. పేకాట లేదు, చుట్ట లేదు. ఉన్న దురలవాటల్లా ఇంగ్లీషు మాటలు. రోజుకో మాట, దాని అర్థం, పుట్టుక కాగితం మీద రాసి గేటు దగ్గర బోర్డుకు పెట్టించేవారు. స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లలు చదవకపోతే తానే వచ్చి చదివి వినిపించేవారు. దానికన్నా చదివేయడమే నయమని పిల్లలు తేల్చుకున్నారు.

కాగితం అంటించడం వాచ్‌మన్ అంతయ్య పని. ముడిమ్యాల అనే పల్లెటూరి మనిషి, ఇంగ్లీషు రాదు. ఒకసారి తలకిందులుగా అంటించి అరగంట ఉపన్యాసం విన్నాక, పైమూల ఒక చుక్క పెట్టించుకుని మరీ అంటిస్తున్నాడు.

గేటు దగ్గరే పింకీ అనే కుక్క ఉండేది. పిల్లలు పెట్టిన పేరు, పిల్లలు పెట్టిన తిండి. అది ఓ రోజు వెంకటరావుగారి కొత్త చెప్పు నమిలింది.

"దీన్ని దూరంగా వదిలేసి రా. నేను చెప్పానని పిల్లలకు తెలిసిందో, నీ ఉద్యోగం ఊడుతుంది" అన్నారాయన.

"నోరులేని జీవి సార్, జర ఆలోచించుండ్రి" అన్నాడు అంతయ్య. ఆయన ఆలోచించలేదు. చేసేదిలేక అంతయ్య దాన్ని బండి మీద తీసుకెళ్లి జన్వాడ ఊరి అవతల వదిలి వచ్చాడు.

మూడు రోజులు పిల్లలు ఏడ్చారు. వెంకటరావుగారి మనవరాలు తన్వి అన్నం మానేసింది. అంతయ్య తలెత్తి ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. దాంతో అందరి అనుమానమూ అతని మీదికే పోయింది. వెంకటరావుగారు తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే పోయేది. కానీ అంతయ్య ముఖానికి సరిగ్గా సరిపోయే మాట ఒకటి దొరికిందాయనకు. దొరికాక ఊరుకోవడం ఆయన వంశంలోనే లేదు.

సోమవారం పొద్దున బోర్డు మీద హ్యాంగ్‌డాగ్ అని వేలాడింది. పిల్లలు, తల్లులు చుట్టూ చేరారు.

"తప్పు చేసి తల వేలాడేసుకున్న ముఖాన్ని ఇలా అంటారు" అంటూ ఆయన అంతయ్య వైపు చెయ్యి చూపించారు. "పూర్వం ఇంగ్లండులో కరిచిన కుక్కల్ని ఉరితీసేవారట. ఆ పని చేసేవాడు నీచుల్లో నీచుడు. వాడి ముఖం నుంచే ఈ మాట పుట్టిందంటారు. ఇలాంటివాణ్ణి గేటు దగ్గర ఉంచుకుందామా, మీరే చెప్పండి!"

ఉంచుకుందామని ఒక్కరూ అనలేదు. ఒకావిడ మాత్రం కొత్త వాచ్‌మన్ ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

అంతయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఒక్క ముచ్చట అడుగుత సార్. గా కుక్కలకు ఉరేసినోడు తనంతట తానే ఏసిండా? ఎవలన్న ఏయుమన్నరా?"

ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేని జబ్బు వెంకటరావుగారిది. "తనంతట తానెందుకు వేస్తాడోయ్! పై నుంచి పెద్దమనిషి ఎవరో చెబితేనే."

"మరి గా పెద్దమనిషికి ఇంగ్లీషుల ఏం మాట ఉన్నది సార్?"

 ఎవరూ పేరెత్తకముందే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, ఆయన కళ్లు తన చెప్పుల మీదికి దిగాయి. ఎడమ చెప్పు మడమ దగ్గర పంటి గాట్లున్నాయి.

తన్వి బోర్డు చూసింది. అంతయ్యను చూసింది. తర్వాత తాతయ్య చెప్పు మీది గాట్లు చూసింది.

"తాతయ్యా, పింకీని ఎక్కడ వదిలేయించావు?"

"జన్వాడ అవతల" అన్నారాయన. దానికి అర్థం గానీ పుట్టుక గానీ చెప్పలేదు.

పిల్లలెవరూ బస్సు ఎక్కలేదు. చివరికి పింకీ కోసం ఆయనే కారు తీయాల్సి వచ్చింది, దారి చూపడానికి అంతయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని.