కుర్సీల కూసున్నోన్ని గుంజు, నిలబడ్డోళ్లను అడుగు

మా మేనత్త పోయింది. చిట్యాలలో బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె చిన్నకొడుకు ఫోన్ చేశాడు. "బావా, అమ్మ పోయింది. వాకిట్ల పెసరకాయ ఒలుచుకుంట గోడకు ఒరిగింది, గంతే. ఎవల్నీ తిప్పల పెట్టలే" అన్నాడు. తొంభై దగ్గర పడ్డ మనిషి. ఏడవాల్సిన చావు కాదంటారు. నేను మాత్రం ఆ బస్టాండులోనే ఏడ్చాను.

ఆమె ఇంటికి ఎవరు పోయినా మొదటి మాట "కూసో". నిలబడి విషయం చెప్పబోతే వినేది కాదు. "నిలబడి మాట్లాడితే కచేరి మాటైతది, కూసో బిడ్డా" అనేది. కరెంటు మీటరు చూసేందుకు వచ్చినవాడికీ అదే, ఓట్లడగ వచ్చిన పెద్దమనిషికీ అదే. చాయ్ సాసరులో పోసుకుని, ఎదుటివాళ్ల మాట అయిపోయేదాకా గుటక వేయకుండా పట్టుకునేది. మా ఇళ్లలో పెండ్లి ఆల్బములు తిరగేస్తే, ఆమె మొహం ఉండవలసిన ప్రతి చోటా ఎత్తిన కొంగు ఒకటి కనిపిస్తుంది. సిగ్గనుకునేవాళ్లం. ముసలోళ్ల చాదస్తం అనుకునేవాళ్లం. నవ్వుకునేవాళ్లం కూడా.

ఫోటోకు ఆమె దగ్గర రెండు మాటలుండేవి. మనిషి తనంత తాను నిలబడితే అది ఫోటో దిగుడు. అడగకుండా తీస్తే అది ఫోటో గుంజుడు. మన దిక్కు అందరూ రెండూ అంటారు, ఒకదానికి బదులు ఒకటి వాడేస్తారు. ఆమె ఏనాడూ కలపలేదు. "దిగుడు నా ఇష్టం. గుంజుడు వాని జోరు" అనేది. చేతిలోని సొమ్మును గుంజుకున్నట్టే మొహాన్నీ గుంజుకుంటారని ఆమె లెక్క.

ఆ తేడా నాకు ఆలస్యంగా, నా తప్పుతోనే తెలిసింది.

మూడేండ్ల కింద మా ఊరి ఆడమనిషి ఒకామె తహసీల్ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. భర్త చనిపోయాడు, ఆయన పేరు మీది భూమి తన పేరు మీదికి విరాసత్ కావాలి. గుమాస్తా తల కూడా ఎత్తకుండా "రేపు రా" అంటున్నాడు. ఆ రోజు ఆమె నిలబడ్డచోటే ఏడ్చింది. "మా బావ నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొడ్తా అంటాండు సారూ" అంది. నేను పక్కనే ఉన్నాను. ఫోన్ తీసి మొత్తం వీడియో చేశాను. ఆఫీసుల తీరు మీద నాలుగు మాటలు రాసి వదిలాను. ఊరూరా తిరిగింది. శభాష్ అన్నారు. నేనూ ఉబ్బిపోయాను.

సాయంత్రానికి ఆమె బావ, అంటే చనిపోయిన భర్తకు అన్న, కూడా చూశాడు. "మా ఇంటి ఇజ్జత్ ఆఫీసుల పెడ్తవా?" అని ఆమె బట్టల మూట వాకిట్లోకి విసిరాడు. ఆమె నకిరేకల్ పక్కన తల్లిగారింటికి పోయింది. ఆఫీసులో విచారణకు పిలిచిన రోజు రాలేదు. మెట్లెక్కితే మళ్లా ఎవరో ఒకరు గుంజుతారని భయం. రాకపోతే భూమి బావకే.

మేనత్త నన్ను పిలిపించింది.

"అల్లుడా, గా పిల్లను అడిగినవా?"

"ఏం అడుగుడు అత్తా? అది సర్కారు ఆఫీసు. అందరి జాగా."

"జాగా అందరిది. మొకం ఎవరిది?"

"నేను తీయకపోతే ఆ గుమాస్తా ఇంకో పదేండ్లు రేపు రా అంటడు."

"వాన్ని గుంజు. వద్దన్ననా? ఆమె జోలికెందుకు పోయినవు?"

"ఆమె ఏడుపు లేకుంటే ఎవరు చూస్తరు?" నోరు జారాను.

ఆమె సాసరు కింద పెట్టింది. అంతదాకా మా ఇంట్లో ఎవరికీ చెప్పని ముచ్చట అప్పుడు చెప్పింది.

నలభై ఎనిమిదిలో పోలీసు చర్య అయింది. రజాకార్ల పీడ పోయిందని ఊరంతా యూనియన్ మిలిటరీకి ఎదురుపోయి దండలేసింది. కొన్నాళ్లకే అదే మిలిటరీ సంఘపోళ్ల కోసం, అంటే దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల కోసం, ఇండ్లు సోదా చేసింది. ఆమె అన్న, అంటే మా పెద్దబాపు, సంఘంలో ఉన్నాడు. ఆయన మొహం మిలిటరీకి తెలియదు. సంఘపోళ్ల ఇండ్లలోని ఆడవాళ్లను తాలూకా కచేరికి తోలుకపోయి గోడకు వరుసగా నిలబెట్టారు. మూడుకాళ్ల స్టాండు, దాని మీద పెట్టె, నల్లబట్ట కింద తలపెట్టిన మనిషి. పదిహేనేండ్ల పిల్లకు ఏం తెలుసు? ఫోటో అంటే గడీలో దొరసానికి ఉండేది. "నా ఫోటో సుత దించుతాండ్రు అనుకున్న అల్లుడా. ఎంటికలు సదురుకున్న. నవ్విన."

నవ్వితే ఆమెకు ఎడమ బుగ్గన సొట్ట పడేది. పెద్దబాపుకూ అంతే. ఆ ఫోటో పట్టుకుని మిలిటరీ ఊరూరా తిరిగింది. ఒక గొర్లమంద దగ్గర గొంగడి కప్పుకున్న మనిషిని పక్కనున్న కాపరి ఏదో పరాచికమాడి నవ్వించాడు. మిలిటరీవాళ్లు ఫోటో వంక ఒకసారి, మనిషి వంక ఒకసారి చూశారు. తీసుకుపోయారు. జైలుకు పోయిన పెద్దబాపు తిరిగి రాలేదు.

"నా మొకం తీస్కపోయి మా అన్నను పట్టిన్రు" అంది మేనత్త. "నన్ను ఎవలన్న అడిగిన్రా?"

అక్కడే కూర్చుని ఆ వీడియో చెరిపేశాను. అప్పటికే అది నా చేతిలో లేదు, వేల ఫోన్లలో ఉంది.

ఇంతలో ఆఫీసువాళ్లు తమకు కావలసింది చేసుకున్నారు. గోడకు బోర్డు ఎక్కింది: "అధికారుల అనుమతి లేనిదే కార్యాలయంలో ఫోటోలు, వీడియోలు తీయరాదు." చూశారా తెలివి! ఏడ్చింది ఆ ఆడమనిషి, అనుమతి ఇచ్చేది ఆఫీసరు. అంటే "రేపు రా" అనే గుమాస్తా మొహానికి సర్కారు కాపలా. ఆమె మొహానికి? ఎవరూ లేరు. ధర్నా చేద్దామని ఊగిపోయాను. మేనత్త నాతో బోర్డు రెండుసార్లు చదివించుకుని అంది: "గిది సగమే రాసిన్రు. కుర్సీల కూసున్నోన్ని గుంజు, నిలబడ్డోళ్లను అడుగు. గంతే గదా రూలు?"

గంతే. ఇన్నేండ్లు పత్రికలకు నేను రాసిన వ్యాసాలన్నీ కలిపినా ఇంత సూటిగా లేవు. ఒకరేమో సర్కారు భవనం కాబట్టి ఎవరినైనా తీస్తాం అంటారు. దవాఖాన వరండాలో నొప్పులు పడుతున్న మనిషినీ వదలరు. ఇంకొకరేమో మర్యాద పేరు చెప్పి అసలు ఎవరినీ తీయొద్దంటారు. ఇద్దరూ దొంగలే. కుర్సీలో కూర్చున్నవాడు మన పని చేయడానికి కూర్చున్నాడు, వాడి పని మనం చూడాలి. నిలబడ్డ మనిషి తన కష్టం చెప్పుకోవడానికి వచ్చింది, అది తమాషా కాదు. ఈ మాట మీద నాతో వాదానికి దిగేవాళ్లు ముందు ఆమె చెప్పినట్టు కూర్చోండి, తర్వాత మాట్లాడుకుందాం.

రెండోసారి విచారణకు మేనత్తే తల్లిగారింటికి పోయి ఆమెను తోలుకొచ్చింది. కర్ర ఆనించుకుంటూ ఆఫీసు మెట్లెక్కింది. నేను జేబులో చెయ్యి పెట్టగానే గుమాస్తా బోర్డు వైపు వేలు చూపించాడు.

"అన్నా, గది చదువుకోలేదా?"

"చదివిచ్చుకున్న సారూ" అంది మేనత్త. "నువ్వు పని చేస్తాంటవు, మేం చూస్తం. నీకేం ఫికర్? తప్పు చేస్తెనే గదా భయం." తర్వాత ఆ పిల్ల వైపు తిరిగింది. "నిన్ను గుంజాల్నా, వద్దా? నీ ఇష్టం. వద్దంటె ఫోన్ జేబుల పెడ్తడు, గట్లనే పోదాం."

ఆమె నా వైపు తిరిగింది. "నా మొకం వద్దన్నా" అంది. "నా చేతులు గుంజు. కాయితం ఇచ్చినట్టు కనపడాలె."

అట్లాగే తీశాను. గుమాస్తా కాగితం తీసుకున్నాడు, రసీదు రాశాడు, "రేపు రా" అనలేదు. కొన్ని నెలలు పట్టింది గానీ విరాసత్ ఆమె పేరు మీదికే అయింది.

తిరుగుదారిలో ఆటోలో వీడియో ఇద్దరికీ చూపించాను. గాజులు లేని రెండు చేతులు, వాటిలో కాగితం. మోచేతి కింద ఇంకో చెయ్యి ఆసరాగా పట్టుకుని ఉంది. అది మేనత్తది. ఆమెను నేను అడగలేదు.

"అత్తా, నీ చెయ్యి సుత పడ్డది. తీసేయ్యాల్నా?"

ఫోన్ గుంజుకుని కండ్ల దగ్గర పెట్టుకుంది. ఆటో కుదుపులకు తెర ఊగుతుంటే వేలితో తన చేతినే తడిమి చూసింది.

"గిది నా చెయ్యేనా? గింత ముడుతలు పడ్డదా?" అని నవ్వింది. ఎడమ బుగ్గ లోపలికి పోయింది. "ఉండనియ్యి."