ఐదు నిమిషాలు ముందే

మా బాబాయి నీళ్ళు వదిలే మనిషి. ఊళ్ళో పన్నెండు వీధులు. ఒక్కోదానికి రోజు విడిచి రోజు నలభై నిమిషాలు. రోడ్డు మీది ఇనుప మూత ఎత్తి, తనంత పొడవున్న కడ్డీ లోపలికి దించి వాల్వు తిప్పుతాడు. ఇరవై రెండేళ్ళు తిప్పీ తిప్పీ కుడి భుజం కిందికి దిగింది. ఆయన చొక్కాలు ఒక పక్క పొట్టిగా కుట్టించాలని పిన్ని ఏడిపిస్తుండేది.

చేరిన కొత్తలో ఎవరో అన్నారు, "సొంత వీధికైతే గంట వదులుతున్నాడు" అని. ఆయన మాట పడలేడు. మర్నాటి నుంచి మా వీధికి ఐదు నిమిషాలు ముందే కట్టేయడం మొదలుపెట్టాడు. ఆ నిజాయితీ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మంట. పేరు ఆయనకి, కరువు మాకు. అమ్మ అడిగితే, "కాస్త సర్దుకోండి వదినా, నా పరువు" అనేవాడు. అయినవాడి మీద ఏమని ఫిర్యాదు రాస్తాం? ముప్పై అయిదు నిమిషాలకు ఎన్ని బిందెలు నిండుతాయో అన్నే ఉంచుకున్నాం. కూరగాయలు కడిగిన నీళ్ళతోనే గచ్చు కడిగాం.

ఈ వేసవికి జలాశయం అడుగంటింది. తూర్పు పొలాలన్నీ ఇళ్ళ స్థలాలైపోయి, వాటికీ పైపు కావాలి. బడి హాల్లో మీటింగు పెట్టారు.

"పొలాన్ని ముక్కలు చేసేటప్పుడు నీళ్ళెక్కణ్ణుంచి తెస్తారని ఎవరన్నా అడిగారా?" అన్నాడొక రైతు.

"కొనుక్కున్నవాళ్ళకి దాహం వెయ్యదా?" అంది కొత్తింటావిడ.

ఇద్దరిదీ నిజమే. రెండు గంటలు అరుచుకున్నాక ఇంజనీరు కాగితం తీశాడు. ఒక వీధికి పైపు ఆపేసి, వారానికో ట్యాంకరు పంపాలట. లెక్కల ప్రకారం అన్నిటికన్నా తక్కువ వాడిందీ, ఒక్క ఫిర్యాదూ రానిదీ మా వీధే.

బాబాయి లేచాడు. "ఆ లెక్క తప్పండీ. వదిలిన ప్రతిసారీ ఐదు నిమిషాలు ముందే నేనే కట్టేసేవాణ్ణి."

ఇంజనీరు చెడ్డవాడేం కాదు, అలిసిపోయి ఉన్నాడంతే. "ఇన్నేళ్ళూనా? మరి వాళ్ళెలా గడుపుకున్నారు?"

బాబాయి మా వైపు చూశాడు. నేను అరవాల్సింది. అమ్మ తల దించుకుంది.

"సర్దుకున్నారండీ" అన్నాడు బాబాయి.

ఇంజనీరు అదే రాసుకున్నాడు.

సోమవారం మా వీధికి ఆఖరి నీళ్ళు. ఇంట్లో ఉన్న ప్రతి బిందే, బకెట్టూ, గిన్నే బయటికి తెచ్చాం. ముప్పై అయిదు నిమిషాలకు అన్నీ నిండిపోయాయి. నీళ్ళు ఆగలేదు. ఆవేళ బాబాయి నలభై నిమిషాలూ వదిలాడు.

కుళాయి కింద పెట్టడానికి ఎవరింట్లోనూ ఇంకేమీ లేదు. మిగిలిన నీళ్ళు కాలవలోకి పోతుంటే అందరం గుమ్మాల్లో నిలబడి చూశాం. పిన్ని లోపలికెళ్ళి గడియారం చూసొచ్చింది. ఎవరూ కుళాయి కట్టలేదు. నాకు ఏడుపు రావాలి, రాలేదు.