అరగంటలో మా మనిషి

ఆఫీసులో అందరూ ఆయన్ని మాటల మేనేజరు అనేవారు. కారు ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రచారం చూసే ఉద్యోగం మరి, మాటలు అమ్ముకోక ఏం చేస్తాడు పాపం. ఇరవై రెండేళ్లుగా ఆ కుర్చీ ఆయనదే.

ఆ మాటల్లో ఒకటి మాత్రం ఆయన కల్పించింది కాదు. కంపెనీ పెట్టిన కొత్తలో, ఒకే గదిలో నాలుగు బల్లలు వేసుకుని కూర్చునే రోజుల్లో, ఎక్కడ కారు గుద్దుకుందన్నా యజమాని పెద్దాయనే స్కూటరేసుకుని వెళ్లేవాడు. అది కళ్లారా చూసి రాసిన మాట: 'బండి కదపకండి. అరగంటలో మా మనిషి వస్తాడు.' ఆ ఒక్క మాటతో కంపెనీ ఎక్కడికో వెళ్లిపోయింది. తర్వాత పెద్దాయన పోయాడు, స్కూటరు పోయింది, వెళ్లే మనుషుల్ని ఒక్కొక్కరినే తీసేశారు. కరపత్రం మీద మాట మాత్రం చెక్కుచెదరలేదు. "తీసేద్దామండీ" అని ఈయన ఒకసారి నసిగాడు. "అది చూసే కదయ్యా జనం వస్తున్నారు, ఉండనీ" అన్నాడు కొత్త డైరెక్టరు. ఈయన నోరు మూసుకున్నాడు. నన్నడిగితే తప్పంతా అక్కడే ఉంది.

ఆయన అక్క మొగుడు డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. బావమరిది రాసిన మాటంటే ఆ మనిషికి ఎంత గర్వమో. కరపత్రానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడి చేతా, క్లచ్చు ఎక్కడుందో చూపించకముందే, ఆ మాట వల్లె వేయించేవాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ కారుని లారీ గుద్దిందట. రెండు గంటలైందట. దారినపోయే ఆయనెవరో ఇప్పుడు చెప్పాడు. ఆస్పత్రికి రమ్మంటే కదలనంటున్నాడట."

ఆయన ఉన్నపళంగా బయలుదేరాడు. ఎందుకు కదలనంటున్నాడో ఎవరూ చెప్పక్కర్లేదు.

వెళ్లేసరికి బావ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. బిగించి కట్టిన తువ్వాలు తడిసి నల్లబడింది. చుట్టూ ఉన్నవాళ్లు బతిమాలి బతిమాలి విసిగిపోయారు. ముఖంలో నెత్తురు చుక్క లేకపోయినా బావ నవ్వాడు.

"వచ్చావా. చెబుతూనే ఉన్నా వీళ్లకి, మనిషి వస్తాడని."

"నాకెందుకు ఫోన్ చేయలేదు బావా?"

"నీకు చేస్తే సొంతవాడివని పని చేయించుకున్నట్టు ఉండదూ? కంపెనీకే చేశా, మూడుసార్లు. బయలుదేరారు అంది ఆ అమ్మాయి."

అక్కడ అమ్మాయీ లేదు, ఎవరూ లేరు. ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన గొంతు అది. ఆ మాటలు కూడా ఈయన రాసిచ్చినవే.

ఆస్పత్రిలో సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, మోకాలి దాకా తీసేయాల్సి వచ్చిందన్నాడు. రెండు గంటల ముందు తెచ్చి ఉంటే కాలు నిలిచేదేమో అని కూడా అన్నాడు. బ్రేకు తొక్కడం నేర్పే మనిషికి కుడికాలు పోయింది.

అక్క ఏడవలేదు. బావ చెప్పులు ఒళ్లో పెట్టుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"ఎవరూ రారని నీకు తెలుసా?"

డైరెక్టరు పేరు నోటిదాకా వచ్చింది, పెద్దాయన పేరూ వచ్చింది. ఇరవై రెండేళ్లు మాటల మీద బతికినవాడికి ఆ పూట ఒక్కటీ పనికిరాలేదు.

"తెలుసక్కా."

ఆవిడ చెప్పులు రెండూ సంచిలో పెట్టుకుంది. లేచి వెళ్లి అవతలి బల్ల మీద కూర్చుంది.