తీర్పు మీద కాగితం

తెల్లదొరల కాలంలో, మార్కాపురంలో నేను గుమాస్తాగా పనిచేసిన ప్లీడరును తలచుకుంటే ఇప్పటికీ పులిసిన పిండిజిగురు వాసనే గుర్తొస్తుంది. హైకోర్టు తన పాత తీర్పును తానే కొట్టేసినప్పుడల్లా ఆయన లా పుస్తకం తెరిచి, ఆ తీర్పున్న పేజీ మీద పిండిజిగురుతో తెల్లకాగితం అంటించేవాడు. అంచులను బొటనవేలితో ముద్దుగా నొక్కేవాడు.

అన్నదమ్ములు నోటిమాటతో భూమి పంచుకుంటే చెల్లుతుందన్న తీర్పుకూ ఒకరోజు ఆ గతే పట్టింది. దాన్నే నమ్ముకుని మా ప్లీడరు ద్వారా దావా నడుపుతున్న కంభం ఊరి విధవరాలు ఒకామె ఓడిపోయింది. పంపకమే చెల్లదనేసరికి మొగుడి వాటా చేను మరిది పాలైంది.

మూడేళ్లకు హైకోర్టు, మొదటి తీర్పే సరైనదంది. ప్లీడరు తడిగుడ్డ అద్ది కాగితం ఒలిచి, "ఒక్క అక్షరం చెడలేదు, చూసినావా!" అని మురిసిపోయాడు.

కబురు విని ఆమె పరుగున వచ్చింది.

"అయితే నా చేను నాకొస్తాదా అయ్యా?"

"నీ దావా ఎప్పుడో ముగిసిపాయె కదమ్మా. ఇది ఇకమీద వచ్చేవాళ్లకు."

"తప్పు చేసినామని వాళ్లే ఒప్పుకున్న్యాక గూడానా?"

ఆయన తడి ఆరాలని పేజీ మీద ఊదుతూ కూర్చున్నాడు. ఆమె కాసేపు ఆ ఊదడమే చూసి వెళ్లిపోయింది.

ఒలిచిన కాగితాన్ని ఉండచుట్టి పారేయబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"పారేయొద్దురా, ఆరబెట్టు. మళ్లీ పనికొస్తాది."

సిగ్గులేకుండా ఆరబెట్టాను కూడా.