డైరెక్ట్ ఇచ్చిన వైరు

మోటారు తీగచుట్టకు పూసే వైండింగ్ వార్నిష్ వాసన ఎక్కడ తగిలినా నా నడక ఆగిపోతుంది. నిన్న ఏలూరులో ఒక షాపు ముందు అలాగే నిలబడిపోయాను. తాడేపల్లిగూడెంలో నాకు మోటారు పని నేర్పిన వెంకట్రాజు గారు పోయి ఏడాదైంది. ఆయన పనితనాన్ని అందరూ పొగుడుతున్నారు. పొగడ్త నిజమే. కానీ నాకు తెలిసిన సంగతి ఒకటుంది. అది రాయకపోతే ఆ పొగడ్తలో నేను అబద్ధం కలిపినట్టే.

నేను చదివింది పదో తరగతి. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో కరెంటు పుస్తకాలు వరసగా తిరగేసి సంపాదించుకున్నాను. ఆయన మాత్రం కాలిన తీగను వేళ్ల మధ్య నలిపి మోటారుకేం జరిగిందో చెప్పేవారు. పుస్తకంతో సరిపోల్చి చూస్తే చాలాసార్లు ఆయనదే రైటు.

కొల్లేరు అంచున చేపల చెరువుల రైతు ఒకాయన, తల్లి మహాలక్ష్మమ్మ గారి మోకాళ్ల నొప్పుల కోసం ఇంట్లో హాట్‌టబ్ పెట్టించాడు. వేడినీళ్లను తిప్పే పంపు నడవడం లేదంటే ఇద్దరం వెళ్లాం. స్విచ్ వేయగానే, కరెంటు లీకైతే సరఫరా ఆపే బ్రేకరు పడిపోతోంది. మోటారు విప్పాను. నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీలును అక్కడి ఉప్పునీళ్లు తినేశాయి. లోపలంతా చెమ్మ.

"సీలు పోయిందండి. నీళ్లు వైండింగులోకి వెళ్తున్నాయి. బ్రేకరు తప్పు కాదండి" అన్నాను.

"పుస్తకం చెప్పిందా?" అని నవ్వారు వెంకట్రాజు గారు. "ఆరబెట్టి బిగించు. బ్రేకరు తీసేసి డైరెక్ట్ ఇచ్చేయ్."

"ఇందులో మనిషి కూర్చుంటారండి."

"చెరువుల మీద ఏరేటర్లన్నీ డైరెక్టే కదయ్యా. ట్రిప్పయితే గాలందక తెల్లారేసరికి చేపలు తేలవూ? ముందు నడవనీ. సీలు దొరికాక చూద్దాం."

ఇంటాయన వింటున్నాడు. గురువుగారి మాట ఆయన ముందు మళ్లీ కాదనలేకపోయాను. వైరు నా చేతులతోనే కలిపాను. మోటారు నడిచింది. కాఫీ తాగి వచ్చేశాం.

నాలుగో రోజు టబ్బులో మహాలక్ష్మమ్మ గారికి షాక్ కొట్టింది. కోడలు మెయిన్ ఆపేసింది కాబట్టి ప్రాణం దక్కింది. ఆమె మళ్లీ ఆ నీళ్లలోకి దిగలేదు. నడక మంచం నుంచి గుమ్మం వరకే మిగిలింది. ఇంటాయన షాపుకొచ్చి నిలదీస్తే వెంకట్రాజు గారు నావైపు చూపించి, "వైరు కలిపింది మావాడండి" అన్నారు. అందులో అబద్ధం లేదు. "అవునండి" అన్నాను. ఆ తర్వాత ఆయన నాకు మరింత శ్రద్ధగా పని నేర్పారు. దానికే ఇప్పటికీ మనసు మండుతుంది. ఈ రోజుకీ ఎవరైనా బ్రేకరు తీసేయమంటే సామాను సర్దుకుని వచ్చేస్తాను. పొగరంటారు.

ఇది రాస్తుంటే పాత పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రేరియన్ పద్మావతి గారికి, చిత్తుప్రతి చదివిన నా భార్య సుజాతకి, ఆ రోజు మెయిన్ ఆపిన కోడలు రమణమ్మ గారికి కృతజ్ఞతలు. తీగ చుట్టడం నేర్పిన వెంకట్రాజు గారికీ. చివరగా మహాలక్ష్మమ్మ గారికి. క్షమించమని అడగడానికి వెళ్తే ఆమె తిట్టలేదు. "నీకు ముందే తెలుసా నాయనా?" అన్నారు. తెలుసన్నాను. కాళ్ల మీది దుప్పటి సర్దుకుని, "మరి నాకు చెప్పొచ్చుగా. పక్క గదిలోనే ఉన్నానుగా" అన్నారు.