పైనింటికి పోయిన ప్రింటు

వారం దినాలకు పైగా నోరు కట్టేసుకోని దాచిన మాటను, మొన్న ఆదివారం నా చేత్తో నేనే బయటపెట్టుకున్నానబ్బా! నోటితో చెప్పింటే కొంచెం మర్యాదగానైనా ఉండేది. నేను ప్రింటరుతో చెప్పినాను.

మా నాయన నగరిలో పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనాడు. ఇప్పుడు తిరుపతిలో మా దగ్గరే ఉండాడు. ఆయనకు నాలిక పక్కన చిన్న పుండు లేసింది. రెండు నెలలైనా మానలే. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపినారు. రిపోర్టు నా ఫోన్‌కు వచ్చింది. ఆఫీసులో కూర్చోని తెరిచినాను. క్యాన్సర్! ఆ పొద్దు బండి ఎట్ల నడుపుకోని ఇంటికి వచ్చినానో నాకే తెలీదు.

నాయనకు చెప్పలేదు. "పన్ను రాసుకోని పుండైందంట నాయనా, వేలూరులో పెద్ద డాక్టరుకు చూపిస్తే సరిపోతాదంట" అన్నాను. ఆయన "అట్లనా" అన్నాడు. అంతే. ఇంట్లో నాకూ, నా భార్య సుజాతకూ తప్ప ఎవరికీ తెలీదు. ఆమె వంటింట్లో కొళాయి తిప్పి పెట్టి, ఆ చప్పుడులో ఏడ్చేది.

సోమవారం పొద్దున బస్సుకు వేలూరు పోవాల. రిపోర్టు కాగితాల మీద ఉంటే మంచిదని సుజాత అనింది. వీధి చివర జెరాక్స్ అంగడి ఉండాది. కానీ మా నాయన దినమ్మూ ఆడనే కూర్చోని పేపరు చదువుతాడు, ఆ అంగడాయన ఆయనకు దోస్తు. ఆడ తీస్తే సాయంత్రానికి వీధంతా పాకిపోతాది. "గుట్టుగా ఇంట్లోనే తీద్దాంలే" అన్నాను. నా తెలివి సూడండి!

నాయన వరండాలో కూర్చోనుండాడు. లోపల తలుపు దగ్గరికేసి ల్యాప్‌టాప్ తెరిచినాను. ప్రింట్ కొడితే 'ఆఫ్‌లైన్' అంటాది. ఇట్ల తిరిగి చూస్తే ప్రింటరు మీద పచ్చ లైటు వెలుగుతానే ఉండాది. ఆఫ్ చేసి ఆన్ చేసినా. ఆఫ్‌లైన్! మెట్ల కింద ఉండే వైఫై బాక్స్ కాడికి పోయి ప్లగ్గు పీకి మళ్ళా పెట్టినా. ఆఫ్‌లైన్! ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తే అది ఇదే అదునని అప్‌డేట్ మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు ఆ గుండ్రంగా తిరిగే చుక్కల్ని చూస్తా కూర్చున్నా.

"వైరు తగిలిస్తే పోలా?" అనింది సుజాత.

"వైరెందుకు, ఇది వైర్‌లెస్ అని నువ్వే గదా బయట పారేసింది!"

పాపం, ఆమె మీద అరిచినాను. అరవాల్సింది ఆమె మీద కాదు. నా లోపల వేరే ఏదో ఉడుకుతా ఉండాది.

యూట్యూబ్‌లో ఒకాయన చెప్పినాడు, ప్రింటర్‌ను పూర్తిగా రిమూవ్ చేసి మళ్ళా యాడ్ చేయమని. చేసినా. వెతికితే లిస్టులో ఒకే పేరుతో రెండు ప్రింటర్లు కనపడినాయి. పైది పాతదే, ఇంకా పోలేదేమో అనుకోని కిందిదాన్ని నొక్కినా. 'రెడీ' అని వచ్చింది. ప్రాణం లేచొచ్చింది!

ప్రింట్ కొట్టినా. కాగితం రాలే. స్క్రీన్ మీద చూస్తే మాత్రం ప్రింట్ అయిపోయినట్టే ఉండాది. మళ్ళా కొట్టినా. రాలే. కొట్టిన ప్రతిసారీ మా నాయన పేరు, వయసు, కింద ఆ పాడుమాట కండ్ల ముందరికి వస్తా ఉండాది. చదవకూడదని తల తిప్పుకోని నొక్కతా ఉండా. ఎన్నిమార్లు నొక్కినానో లెక్కే లేదు. కోపమొచ్చి ప్రింటరు నెత్తిన ఒక దెబ్బ కూడా వేసినా.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. ఆ వెంటనే వరండాలో పైనింటి లలితమ్మ మేడం గొంతు. ఆమె కాలేజీలో లెక్చరరు.

"పెద్దాయనా, ఇవి మీవేనా? మీ పేరుండాది. మా ప్రింటరు దానంతట అదే కక్కుతా ఉండాది, నా పేపరంతా అయిపోయింది!"

అప్పుడు వెలిగింది నాకు. మా ఓనరు పైకీ కిందికీ కలిపి ఒకటే వైఫై పెట్టించినాడు. మేడంది కూడా మా మాడల్ ప్రింటరే. "ఇది బాగుంటాది మేడం" అని కొనిపించింది నేనే. ఎక్కి పోయి సెట్ చేసిచ్చింది కూడా నేనే!

పరిగెత్తినా. అప్పటికే మేడం పైకి వెళ్ళిపోయింది. నాయన కండ్లద్దాలు పెట్టుకున్నాడు. ఇంగ్లీషులో ఉండాది గదా అనుకోవడానికి కూడా లేదు. ముప్పై ఏండ్లు మందుల చీటీలూ రిపోర్టులూ చదివిన మనిషి.

"స్క్వామస్ సెల్..." వేలు పెట్టి మెల్లగా చదివినాడు. "ఈ క్యాన్సరు ఎద్దులకు కొమ్ములో వస్తాదిరా. నేనెన్ని సూడలేదు!"

అడగకూడని మాటే అడిగినా. "ఏమౌతాయి నాయనా ఆ ఎద్దులు?"

"తొందరగా తోలుకోనొస్తే కొమ్ము కోసేసేవాళ్ళం. మళ్ళా మడక దున్నేటివి. ఆలస్యంగా తెచ్చినవి..." కండ్లద్దాలు తీసి, తుడిచి మళ్ళా పెట్టుకున్నాడు. "నీకు తెలిసి ఎన్ని దినాలైంది?" అన్నాడు.

"ఎనిమిది."

"ఎనిమిది దినాలు దాసినావా? ఎద్దు గలోడైనా ఆ పొద్దే నాకాడికి తోలుకోనొచ్చేవాడు గదరా!"

"డాక్టరు అపాయింట్‌మెంట్ రేపటికే దొరికింది నాయనా..." అంటా కింద కూలబడినా. మజ్జిగ గ్లాసు పట్టుకోని బయటికొచ్చిన సుజాత ఆ గ్లాసుతోనే నిలబడి ఏడుస్తా ఉండాది.

"ఏడవద్దమ్మా. కోస్తే నా నాలికే గదా కోసేది! కూరలో ఉప్పెక్కువైందని ఇంక నేను అనలేను. నీకే సుఖం."

అని, ఆ కాగితాలు ఒడిలో పెట్టుకోని ఎంచడం మొదలుపెట్టినాడు. ఎంచి ఎంచి నా పక్క చూసినాడు.

"పదకొండు కాపీలుండాయి గదరా! ఈ జబ్బు నాకొక్కనికేనా, ఇంకో పది మందికి కూడా వచ్చిందా?"

నవ్వినానో ఏడ్చినానో నాకే తెలీలేదు. ఆయన మాటల్లో బెదురు లేదు గానీ, చేతిలోని కాగితాలు గలగలమంటా ఉండాయి. ఆ చప్పుడు నాకింకా చెవుల్లోనే ఉండాది.

వేలూరు పోయొచ్చినాం. వచ్చే బుధవారం ఆపరేషన్. తొందరగానే వచ్చినారు, ఆశ ఉందన్నాడు డాక్టరు. కొంత నాలిక తీసేయాలంట. మాట ముందర్లా స్పష్టంగా రాకపోవచ్చంట. అందుకే ఈ నాలుగు దినాలూ ఆయన ఏం మాట్లాడినా పక్కనే కూర్చోని వింటా ఉండా. తిట్టినా వింటా ఉండా.

ఆ డాక్టరు మంచోడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. విషయం ఎత్తే ముందు నన్నొక్కన్నే దగ్గరికి పిలిచి, గొంతు బాగా తగ్గించి అడిగినాడు.

"పేషంటుకు తెలుసా?"

నేను నోరు తెరిచే లోపలే, వెనక కుర్చీలో నుంచి మా నాయన అందుకున్నాడు.

"నాకే కాదు సార్, పైనింటోళ్ళకు కూడా తెలుసు. మావోడు పెండ్లి పత్రికల మాదిరి అచ్చేసి పంచినాడు!"